విటమిన్ మాత్రలు, నిపుణుల మాటలు



విటమిన్ల పేర్లు, అవి లోపిస్తే వచ్చే జబ్బులు మీరు పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నారు. 'ఎ' లోపిస్తే రేచీకటి, 'సి' లోపిస్తే స్కర్వీ, 'డి' లోపిస్తే రికెట్స్. పరీక్షలో 'జతపరచుము' అని అడుగుతారు కాబట్టి మీకు బాగానే గుర్తుంటాయి. ఈ రోజు పుస్తకంలో లేని ఒక ప్రశ్న గురించి మాట్లాడుకుందాం. 'ఈ విటమిన్ మాత్ర వేసుకోండి' అని మనకు సలహా చెప్పే నిపుణుడికీ, ఆ మాత్ర అమ్మే కంపెనీకీ మధ్య ఏదైనా సంబంధం ఉందా? ఉంటే ఆ సలహాను మనం ఎలా తూచాలి?

ముందుగా నా తప్పు ఒకటి చెప్పి మొదలుపెడతాను.

కొన్నేళ్ల క్రితం ఒక చిన్న పట్టణంలోని జూనియర్ కాలేజీలో పోషకాహార వారోత్సవాలు జరిగాయి. విటమిన్ల మీద ప్రసంగించమని నన్ను పిలిచారు. ఖర్చు పెట్టుకున్నది విటమిన్ మాత్రలు తయారుచేసే ఒక కంపెనీ. నాకు రానుపోను కారు ఏర్పాటు చేశారు. శాలువా కప్పారు, ఒక కవరు చేతిలో పెట్టారు. నేను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు. చివర్లో ఒక అమ్మాయి లేచి, "మేడం, రోజూ పప్పు, ఆకుకూర, గుడ్డు తినేవాళ్లు కూడా ఈ మాత్రలు వేసుకోవాలా?" అని అడిగింది. నా వెనక కంపెనీ బ్యానరు ఉంది. ముందు వరసలో కంపెనీ మనుషులు కూర్చున్నారు. "వేసుకుంటే నష్టమేమీ లేదమ్మా" అన్నాను. చప్పట్లు కొట్టారు.

బయటికి వస్తుంటే వరండాలో బల్ల వేసి, అవే మాత్రలు విద్యార్థులకు సగం ధరకు అమ్ముతున్నారు. ఆ అమ్మాయి వరసలో నిలబడి చేతిలోని నోట్లు లెక్కపెట్టుకుంటోంది. తను అడిగిన ప్రశ్నకు సరైన జవాబు 'అక్కర్లేదమ్మా' అన్న ఒక్క మాట. ఆ జవాబు నాకు తెలుసు. అయినా నా నోటినుంచి రాలేదు. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఫలానా మాట చెప్పమని అడగలేదు కూడా. మరి ఆ మాట ఎందుకు రాలేదు? ఈ నాటి పాఠం అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

పరస్పర విరుద్ధ ప్రయోజనాలు

ఇలాంటి పరిస్థితిని ఇంగ్లీషులో 'కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్' అంటారు. మన పత్రికలు 'పరస్పర విరుద్ధ ప్రయోజనాలు' అని రాస్తాయి. ఒక మనిషి ఇద్దరికి బాధ్యుడై, ఆ ఇద్దరి మేలూ ఒకటి కానప్పుడు ఈ పరిస్థితి వస్తుంది. ఉపాధ్యాయులుగా మాకిది బాగా తెలుసు. మా పిల్లలు పదో తరగతి పరీక్ష రాస్తుంటే, వాళ్లు రాసే గదిలో మాకు డ్యూటీ వేయరు. అంటే మేం దొంగలమనా? కాదు. ఎంత నిజాయితీపరుడికైనా అక్కడ చూపు కొంచెం అటువైపు ఒరుగుతుందని అందరికీ తెలుసు. ఈ సంగతి గట్టిగా పట్టుకోండి. విరుద్ధ ప్రయోజనం ఉందనడం నిందారోపణ కాదు. అది ఆ మనిషి నిలబడ్డ చోటును తెలిపే మాట.

విటమిన్ల వ్యాపారంలో ఈ ఒరుగుడుకు అవకాశం ఎక్కువ. విటమిన్ లోపం నిజమైన జబ్బు. లోపం ఉన్నవాడికి విటమిన్ ఇస్తే అద్భుతంగా కోలుకుంటాడు. కానీ లోపం ఉన్నవాళ్లు కొందరే. లోపం లేనివాళ్లు కూడా కొన్నప్పుడే మాత్రల అమ్మకాలు బాగా పెరుగుతాయి. కాబట్టి 'లోపం' అన్న గీతను ఎక్కడ గీయాలి అన్న ప్రశ్న మీద పెద్ద డబ్బే ఆధారపడి ఉంటుంది. ఆ గీత గీసేది నిపుణులు. ఇప్పుడు ఒక నిజమైన ఉదాహరణ చూద్దాం. ఇది అమెరికాలో జరిగింది. దాని ప్రభావం మాత్రం ప్రపంచమంతటా పడింది.

విటమిన్ 'డి' పాస్ మార్కు

మన చర్మంలో 7-డీహైడ్రోకొలెస్టరాల్ అనే పదార్థం ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు అది విటమిన్ 'డి'గా మారుతుంది. కాలేయంలో ఒకసారి, మూత్రపిండాల్లో మరోసారి మార్పు చెంది, పని చేసే రూపానికి వస్తుంది. మనం తిన్న కాల్షియం ఒంటికి పట్టడానికి అది కావాలి. రక్తపరీక్షలో కొలిచేది కాలేయం తయారుచేసిన రూపాన్ని. ఒక మిల్లీలీటరు రక్తద్రవంలో అది ఎన్ని నానోగ్రాములు ఉందో చూస్తారు.

ఎన్ని ఉంటే చాలు? అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2010లో అప్పటివరకు వచ్చిన పరిశోధనలన్నీ పరిశీలించి, ఎముకల ఆరోగ్యానికి 20 ఉంటే దాదాపు అందరికీ సరిపోతుందని తేల్చింది. మరుసటి సంవత్సరం, 2011లో, ఎండోక్రైన్ సొసైటీ అనే వైద్యుల సంఘం వేరే మార్గదర్శకాలు ఇచ్చింది. 20 కన్నా తక్కువైతే లోపం, 21 నుంచి 29 వరకు 'చాలినంత లేదు', 30 దాటితేనే మంచిది అని అందులో ఉంది.

ఇందులో ఏముందో మీకు వెంటనే అర్థమవుతుంది. పాస్ మార్కు 35 అనుకోండి. రేపు ఎవరో దాన్ని 50 చేశారు. పిల్లలు వాళ్లే, జవాబు పత్రాలు అవే. కానీ ఫెయిలైనవాళ్లు ఒక్కరోజులో ఎన్నో రెట్లు పెరిగిపోతారు. ట్యూషన్ సెంటర్లకు పండగే. 20కి, 30కి మధ్య ఉన్న కోట్లాది మంది ఆరోగ్యవంతులు అలాగే ఒక్కసారిగా 'తక్కువ ఉన్నవాళ్లు' అయ్యారు. అపాయం ఎక్కువగా ఉన్నవాళ్లకే పరీక్ష చేయమని ఆ మార్గదర్శకాలు చెప్పిన మాట వాస్తవం. కానీ జనంలోకి పాకింది ఆ షరతు కాదు, 30 అన్న అంకె. అమెరికాలో వయసు మళ్లినవారికి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా పేరు మెడికేర్. 2016లో ఆ బీమా కింద విటమిన్ 'డి' పరీక్షలు కోటికి పైగా జరిగాయి. అందుకు 36 కోట్ల 50 లక్షల డాలర్లు ఖర్చయింది. 2007తో పోలిస్తే ఆ పరీక్షల సంఖ్య 547 శాతం పెరిగింది.

2011 మార్గదర్శకాలు రాసిన బృందానికి అధ్యక్షుడు బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ మైకేల్ హోలిక్. ఈయన సామాన్యుడు కాదు. విద్యార్థిగా ఉన్నప్పుడే రక్తంలో తిరిగే విటమిన్ 'డి' రూపాన్ని గుర్తించిన పరిశోధకుల్లో ఒకడు. ఇక రెండో వైపు చూడండి. 2018 ఆగస్టులో కైజర్ హెల్త్ న్యూస్, న్యూయార్క్ టైమ్స్ కలిసి ఒక పరిశోధనాత్మక కథనం ప్రచురించాయి. విటమిన్ 'డి' పరీక్షలు చేసే క్వెస్ట్ డయాగ్నొస్టిక్స్ అనే సంస్థకు తాను 1979 నుంచి సలహాదారుగా ఉన్నానని హోలిక్ స్వయంగా ఒప్పుకున్నారు. 2013 నుంచి 2017 వరకు మందుల కంపెనీల నుంచి ఆయనకు సుమారు 1,63,000 డాలర్లు అందాయి. అంతకుముందు, 2004 నుంచి 2006 వరకు, ఆయన పరిశోధనకు కృత్రిమ కాంతితో చర్మం రంగు మార్చే పరిశ్రమ నుంచి కూడా నిధులు వచ్చాయి. ఈ డబ్బు విటమిన్ 'డి' గురించి తాను చెప్పే మాటలను ప్రభావితం చేయలేదని ఆయన సమాధానం.

ఆయన మనస్ఫూర్తిగానే ఆ మాట అని ఉండవచ్చు. ఆ శాలువా కప్పుకున్న రోజు నన్ను అడిగినా నేను అదే చెప్పేదాన్ని. చిక్కంతా అక్కడే ఉంది. తన చూపు ఒరిగిన సంగతి ఒరిగినవాడికి కనబడదు. అందుకే ఆ నిర్ణయాన్ని ఆ మనిషికే వదలకూడదు.

ఇక్కడ ఒక చట్టం గురించి చెప్పాలి. మందుల కంపెనీలు డాక్టర్లకు ఇచ్చే చెల్లింపులు అందరికీ తెలియాలని అమెరికా 2010లో ఒక చట్టం చేసింది. దాని పేరు 'ఫిజీషియన్ పేమెంట్స్ సన్‌షైన్ యాక్ట్'. సన్‌షైన్ అంటే ఎండ. ఇందాక చెప్పిన అంకె బయటపడింది ఆ చట్టం వల్లే. చీకటి గదిలో పెరిగే బూజుకు ఎండ ఎలా మందో, డబ్బు సంబంధాలకు బహిరంగత అలాంటిది.

పరీక్షకు నిలిచింది ఏమిటి?

అయితే డబ్బు సంబంధం బయటపడినంత మాత్రాన ఆ నిపుణుడి మాట తప్పని తేలిపోదు. మాట తప్పో ఒప్పో తేల్చేది ప్రయోగమే. అమెరికాలో 'వైటల్' అనే పెద్ద ప్రయోగం జరిగింది. 50 ఏళ్లు దాటిన పురుషులు, 55 ఏళ్లు దాటిన స్త్రీలు మొత్తం 25,871 మంది అందులో పాల్గొన్నారు. చీట్లు వేసినట్టు వాళ్లను విడదీసి, కొందరికి రోజుకు 2000 యూనిట్ల విటమిన్ 'డి', మిగిలినవారికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది వెళ్లిందో ఇచ్చేవారికి తెలియదు, పుచ్చుకునేవారికీ తెలియదు. అయిదేళ్లకు పైగా చూశాక, 2018లో ఫలితాలు వచ్చాయి. కేన్సర్లు గానీ, గుండెపోట్లు గానీ తగ్గలేదు. 2022లో అదే ప్రయోగం నుంచి ఎముకలు విరగడం గురించిన ఫలితాలు వచ్చాయి. అవి కూడా తగ్గలేదు.

జాగ్రత్తగా వినండి. ఇది లోపం ఉన్నవాళ్లను ఏరి చేసిన ప్రయోగం కాదు. కాబట్టి 'విటమిన్ డి పనికిరాదు' అని ఎవరైనా అంటే అది కూడా తప్పే. మామూలు ఆరోగ్యవంతులకు అదనంగా ఇస్తే ఆశించిన లాభం లేదని మాత్రమే దీని అర్థం. ఇంకో విశేషం కూడా చూడండి. ఆ ప్రయోగానికి విటమిన్ మాత్రలను ఉచితంగా ఇచ్చింది ఫార్మవైట్ అనే కంపెనీయే. కానీ ప్రయోగాన్ని రూపొందించడంలో, ఫలితాలను లెక్కగట్టడంలో దానికి ప్రమేయం లేదు. ప్రధానంగా నిధులిచ్చింది అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ. మాత్ర కంపెనీదైతే ఇబ్బంది లేదు. తక్కెడ మాత్రం కంపెనీ చేతిలో ఉండకూడదు.

2024లో ఎండోక్రైన్ సొసైటీ కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. 30 అన్న పాత లక్ష్యాన్ని తాము ఇక సమర్థించడం లేదని అందులో స్పష్టంగా చెప్పింది. ఆరోగ్యంగా ఉన్నవారికి ఊరికే ఈ పరీక్ష చేయవద్దంది. పిల్లలు, గర్భిణులు, 75 ఏళ్లు దాటినవారు, మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నవారు తప్ప మిగిలిన ఆరోగ్యవంతులు రోజువారీ మామూలు మోతాదుకు మించి తీసుకోనక్కర్లేదని సూచించింది. సంఘం అదే, గీత మాత్రం మారింది. సైన్సు గొప్పతనం అదే. అయితే ఈ మధ్యలో గడిచిన 13 ఏళ్లలో ఖర్చయిన డబ్బు తిరిగి రాదు.

నమ్మకం ముందా, డబ్బు ముందా?

డబ్బు ఇచ్చి నిపుణుల చేత అబద్ధం చెప్పిస్తారని చాలామంది అనుకుంటారు. తరచుగా జరిగేది అది కాదు. లైనస్ పాలింగ్ జీవితం చూడండి. 1954లో రసాయనశాస్త్రంలో, 1962లో శాంతికి నోబెల్ బహుమతులు పొందిన మహామేధావి. పెద్ద మోతాదుల్లో విటమిన్ 'సి' తీసుకుంటే జలుబు రాదని ఆయన గట్టిగా నమ్మి, 1970లో పుస్తకం రాశారు. తరువాత కేన్సర్‌కు కూడా పని చేస్తుందన్నారు. 1973లో ఆయన నెలకొల్పిన సంస్థకు విరాళాలు ఇచ్చినవారిలో హాఫ్‌మన్-లా రోష్ ఒకటి. అది విటమిన్ 'సి'ని భారీగా తయారుచేసే కంపెనీ. ఇక్కడ ముందు నమ్మకం పుట్టింది, డబ్బు తరువాత వచ్చింది. ఆ డబ్బు నమ్మకాన్ని కొనలేదు. ఉన్న నమ్మకానికి మైకు అందించింది. వేరేలా ఆలోచించే శాస్త్రవేత్తలకు ఆ మైకు దొరకలేదు. మేయో క్లినిక్ వైద్యులు 1979లో, 1985లో ప్రచురించిన ప్రయోగాల్లో ముదిరిన కేన్సర్ రోగులకు విటమిన్ 'సి' మాత్రల వల్ల ప్రయోజనం కనబడలేదు. అయినా పాలింగ్ తన నమ్మకాన్ని వదులుకోలేదు.

మరి కంపెనీలో పనిచేసే శాస్త్రవేత్తలెవరినీ నమ్మకూడదా? అలా అనుకుంటే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకు అన్యాయం చేసినవాళ్లమవుతాం. ఆయన అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలోనే పని చేశారు. 1940ల మధ్యలో ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషణ చేసింది. అంతకుముందే లూసీ విల్స్ అనే డాక్టరు బొంబాయిలో గర్భిణులకు వచ్చే ఒక రకం రక్తహీనత ఈస్ట్ సారంతో నయమవుతుందని 1931లో ప్రకటించారు. ఆ సారంలో ఉన్న గుణం ఈ ఫోలిక్ ఆమ్లానిదే. తరువాత 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ఏడు దేశాల్లో జరిపిన ప్రయోగం ఫలితాలు వచ్చాయి. అంతకుముందు కాన్పులో వెన్నెముక లోపంతో బిడ్డ పుట్టిన తల్లులు, మళ్లీ గర్భం రాకముందు నుంచే ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే, ఆ లోపం 72 శాతం తగ్గింది. ఇది ప్రభుత్వ నిధులతో నడిచే మండలి తేల్చిన విషయం. సుబ్బారావు ఎక్కడ జీతం తీసుకుంటున్నారో లోకానికి తెలుసు. ఆయన బృందం కనుగొన్నదాన్ని సంబంధం లేని ఇతరులు పరీక్షించారు, అది నిలిచింది. మనకు కావలసినవి ఈ రెండే.

మన దేశంలో

ఇక మన దేశం సంగతి. కంపెనీల నుంచి కానుకలు, ప్రయాణ ఖర్చులు, ఆతిథ్యం తీసుకోరాదని భారత వైద్య మండలి 2009 డిసెంబరులో నిబంధన తెచ్చింది. అది డాక్టర్లకు పెట్టిన నిబంధన. మరి ఇచ్చే కంపెనీల మాటేమిటి? ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దానికి కారణం కూడా ఒక పోషక మాత్రే. జింకోవిట్ అనే విటమిన్ మాత్రకు ప్రచారం చేయడానికి అపెక్స్ లేబొరేటరీస్ అనే కంపెనీ డాక్టర్లకు బంగారు నాణేలు, టీవీలు, ఫ్రిజ్‌లు, ల్యాప్‌టాప్‌లు వంటివి ఇచ్చింది. ఆ ఖర్చు సుమారు 4 కోట్ల 72 లక్షల రూపాయలు. దాన్ని వ్యాపార ఖర్చుగా చూపి ఆదాయపు పన్నులో మినహాయింపు కోరింది. 2022 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు ఆ కోరికను తోసిపుచ్చింది. ఉచితంగా ఇచ్చినట్టు కనిపించే ఈ కానుకల ఖర్చు చివరికి మందు ధరలో కలిసి రోగి మీదే పడుతుందని కోర్టు గుర్తుచేసింది. అయితే అమెరికాలో లాగా డాక్టరు పేరు కొట్టి, ఏ కంపెనీ ఎంత ఇచ్చిందో ఎవరైనా చూసుకునే బహిరంగ పట్టిక మన దేశంలో లేదు. కాబట్టి మనమే అడగడం నేర్చుకోవాలి.

'తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదు' అని మన పెద్దలు నేర్పారు. బంధువుల ఇంట్లో అది మంచి గుణమే. ఆ రోజు నా నోరు కట్టేసింది ఆ గుణమే. కానీ సైన్సు చెప్పేటప్పుడు, వైద్యం చేసేటప్పుడు ఎవరింట్లో తిన్నా వాసాలు లెక్కపెట్టి తీరాలి. అలా లెక్కపెట్టలేం అనిపిస్తే ఆ ఇంట్లో భోజనానికి కూర్చోకూడదు.

మీరు అడగవలసిన ప్రశ్నలు

టీవీలో, పత్రికలో, సభలో ఎవరైనా విటమిన్ మాత్రలను మెచ్చుకుంటుంటే మీరు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఈ మాట చెప్పేవారికి అమ్మేవారితో సంబంధం ఉందా? ఉంటే, అడగకముందే చెప్పారా? ఈ మాటకు ఆధారమైన ప్రయోగం నాలాంటి ఆరోగ్యవంతుల మీద జరిగిందా, లోపం ఉన్నవారి మీదా? ఆ ప్రయోగాన్ని అమ్మకాలతో సంబంధం లేనివారు కూడా చేసి చూశారా? ఈ ప్రశ్నలు అడగడం అమర్యాద కాదు. మంచి నిపుణుడు వాటికి సంతోషంగానే జవాబు చెబుతాడు.

ఒక హెచ్చరిక. ఇది విన్నాక ఇంటికి వెళ్లి, అమ్మ వేసుకుంటున్న ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు మాన్పించకండి. గర్భిణులకు, రక్తహీనత ఉన్నవారికి, పరీక్షలో నిజంగా లోపం తేలినవారికి మాత్రలు అవసరం. మా హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫార్సు ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 600 యూనిట్ల విటమిన్ 'డి' చాలు. మన మందుల షాపుల్లో దొరికే ఒక్క సాచెట్‌లో 60,000 యూనిట్లు ఉంటాయి. డాక్టరు వారానికి ఒకటి అని రాస్తే వారానికి ఒకటే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, నీరసం వస్తాయి. మూత్రపిండాలు కూడా దెబ్బతింటాయి.

చివరిగా, నేను ఆ అమ్మాయికి బాకీపడ్డ జవాబు. 'వేసుకుంటే నష్టమేమీ లేదు' అన్నాను కదా. అది కూడా అన్నివేళలా నిజం కాదు. ఫిన్లండ్‌లో పొగతాగే 29,133 మంది పురుషుల మీద జరిగిన ప్రయోగంలో బీటా కెరోటిన్ మాత్రలు తీసుకున్నవారికి ఊపిరితిత్తుల కేన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. కేన్సర్ తగ్గుతుందన్న ఆశతో మొదలుపెట్టిన ప్రయోగం అది. 1994లో ఆ ఫలితం వచ్చింది. నేను కాలేజీలో మాట్లాడిన రోజుకే అది నాకు తెలుసు.

అమ్మా, నువ్వు ఇప్పుడు ఎక్కడున్నావో నాకు తెలియదు. రోజూ పప్పు, ఆకుకూర, గుడ్డు తింటూ, కాసేపు ఎండలో తిరిగే నీ వయసు ఆరోగ్యవంతురాలికి ఆ సీసా అక్కర్లేదు. ఆ డబ్బుతో నెలకు సరిపడా గుడ్లు కొనుక్కుని ఉండవలసింది. ఆ మాట ఆ రోజే చెప్పవలసింది నేను.